ఒక్క దిక్కే సప్పుడు

11 జులై, శుక్రవారం

స్వామికి దీపం పెట్టి వచ్చి కూర్చున్నాను.

పక్క షెడ్డులోని సాంచలు, అంటే మరమగ్గాలు, అమ్మేసినప్పటి నుంచి ఇంట్లో సప్పుడు లేదు. తమ్ముడు కైలాసం పద్దెనిమిదో ఏట వాటి మధ్యకు పోయి, మొన్న మొన్న బయటకు వచ్చాడు. సప్పుడు లేకపోతే అన్నం సహించడం లేదంటాడు. వాడి బిడ్డ మమతారాణి తన ఇంట్లో మూలకు పడ్డ రెండు పెద్ద స్పీకర్లు పంపింది. వాటిని పాడించే పెట్టె లేదు. డిజిటల్ రిసీవర్ అంటారట. కొత్తది మాకు అందేది కాదు. సెకండ్ హ్యాండ్‌లో మంచిది ఏరుకోవాలి. మా సిరిసిల్లలో దొరకలేదు. కరీంనగర్‌లో వాహెద్ దుకాణంలో ఉన్నాయట.

రాఖీ దగ్గర పడుతోంది. చెల్లె వినోద ఈసారి కూడా రాదు.

14 జులై, సోమవారం

కరీంనగర్ పోయిన కైలాసం ఉత్త చేతులతో వచ్చాడు. బజారు రొదలో తెలియదని హెడ్‌ఫోన్ వెంట తీసుకుపోయి, రిసీవర్‌కు పెట్టుకొని విన్నాడట. ఎడమ ఛానల్ పోయిందట, ఆ దిక్కు సప్పుడే రాదట.

16 జులై, బుధవారం

రెండోది కూడా ఎడమ ఛానలే పోయింది.

17 జులై, గురువారం

హెడ్‌ఫోన్‌దే తప్పేమోనని కొత్తది కొన్నాడు. మూడో రిసీవర్‌కు పెట్టి చూశాడు. అదే మాట.

మరదలు గంగుబాయి బియ్యం చెరుగుతూ, నా మాట వినకుంటె వినకపాయె, డబ్బా మాట గూడ వింటలేడు వదినె అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

సాయంత్రం వాహెద్ నాకే ఫోన్ చేశాడు. భాయ్ నా దుకాణానికి దొంగ పేరు తెస్తుండు, ఒక్కసారి మీరు రాండ్రి అక్కా, మీరు బాగలేదంటె నేను దుకాణం మూసి కల్లు అమ్ముకుంట అన్నాడు. శనివారం వస్తానన్నాను.

18 జులై, శుక్రవారం

మమ్మల్ని కన్న అవ్వ ఫొటో తుడిచాను. ఏం రాయొద్దనుకుంటూనే రాస్తున్నాను.

అవ్వ పోయే రోజు నేను తులసి తీర్థం పట్టుకొని తలుపు దగ్గర నిలబడ్డాను. పక్క షెడ్డులో సాంచలు ఆడుతున్నాయి. కైలాసం మంచం మీదికి వంగి అవ్వ నోటి దగ్గర చెవి పెట్టాడు. అవ్వ మాట నా వరకు వినబడింది.

"వినోదను పిలువు బిడ్డా. ఒక్కసారి చూస్త."

కైలాసం తల ఊపాడు. లేచి షెడ్డులోకి పోయాడు. ఫోన్ చేసే ఉంటాడనుకున్నాను. పొద్దు గూకక ముందే అవ్వ పోయింది. ఆదిలాబాద్ నుంచి వినోద వచ్చేసరికి పాడె కట్టి ఉంది. నన్నెందుకు పిలువలేదని అందరి ముందు అడిగింది. పిలువమని నాకెవరు చెప్పిండ్రు అన్నాడు కైలాసం. వినోద నా దిక్కు చూసింది. దాన్ని పక్కకు తీసుకుపోయి, నేను విన్నది చెప్పాను.

ఆ రోజు పోయిన పిల్ల మళ్లీ గడప తొక్కలేదు. అన్నకు రాఖీ లేదు, మాట లేదు. అవ్వ పోతున్న ఘడియలో కూడా తమ్ముడు అబద్ధం ఆడాడనే నేనూ అనుకున్నాను. స్వామికి వదిలేశాను.

19 జులై, శనివారం, మధ్యాహ్నం

బస్సులో రాస్తున్నాను. పక్కన కైలాసం కునుకు తీస్తున్నాడు.  

వాహెద్ మూడు రిసీవర్లనూ బల్ల మీద వరుసగా పెట్టాడు. నవ్వుతూ భజన పాట ఒకటి వేశాడు. కైలాసం హెడ్‌ఫోన్ పెట్టుకొని, షెడ్డులో చేసినట్టే చేత్తో సైగ చేశాడు. కుడి ఉంది, ఎడమ లేదు.

నేను పెట్టుకున్నాను. రెండు దిక్కులా పాట నిండుగా ఉంది. తీసి వాడికిచ్చాను. ఎడమ లేదన్నాడు. మళ్లీ నేను. రెండూ ఉన్నాయి.

నాకు ఎందుకు తోచిందో తెలియదు. హెడ్‌ఫోన్‌ను కుడిది ఎడమకు, ఎడమది కుడికి వచ్చేటట్టు తిప్పి వాడి తలకు పెట్టాను. ఇప్పుడు ఏ దిక్కు లేదని అడిగాను. కైలాసం నవ్వుతూ మళ్లీ ఎడమ చెవే తాకాడు.

"చూసినవా అక్కా, గీ దిక్కే."

వాహెద్ నవ్వు ఆగిపోయింది. పాట ఆపాడు, హెడ్‌ఫోన్ తీశాడు. కైలాసానికి ఎడమ పక్కన నిలబడి చాలా మెల్లగా, డబ్బలన్ని మంచిగనే ఉన్నయి భాయ్ అన్నాడు.

కైలాసం తల ఊపాడు.

అదే రోజు, దీపం పెట్టాక

ఆ తల ఊపడం నాకు తెలుసు. సాంచల నడుమ ఎవరి మాటా ఎవరికీ వినబడదు. మళ్లీ చెప్పమంటే మగ్గం ఆపాలి. అందుకే ఎవరేమన్నా తల ఊపుతారు. పని నేర్వక ముందే మా దగ్గర పిల్లలు అది నేర్చుకుంటారు. సాంచలకు దారం కండెలు చుట్టిన నాకూ ఉంది ఆ అలవాటు.

అవ్వ మంచం దగ్గర కైలాసం ముఖం నా దిక్కు తిరిగి ఉంది. నాకు బాగా గుర్తు. అవ్వ నోటి దగ్గర ఉన్నది ఎడమ చెవి. కుడి చెవి నిండా సాంచల సప్పుడే.

స్తోత్రం మొదలుపెట్టాను. మధ్యలో మరిచిపోయాను. చిన్నప్పటి నుంచి ఎన్నడూ మరిచింది లేదు.

21 జులై, సోమవారం

డాక్టర్ పరీక్ష చేశాడు. ఎడమ చెవి నరం పోయిందన్నాడు. ఈ మధ్య కాదు, ఎన్నో ఏళ్ల కిందటే. తిరిగి రాదట. ఇంతకాలం తెలియలేదా అని అడిగాడు.  బయటకు వచ్చాక కైలాసం నాతో అన్నాడు.

"అందరికి గంతే ఉంటదనుకున్న అక్కా. ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ."

ఇంటికి వచ్చి వాడి కుడి దిక్కు కూర్చున్నాను. ఆ రోజు అవ్వ ఏమన్నదిరా అని అడిగాను. 

"తెల్వదు. పాణం పోయేటామెను మల్ల చెప్పమని ఏం తిప్పలు పెడుదునని తలూపిన."

అవ్వ అన్న మాట అన్నట్టే చెప్పాను. లేచి ఖాళీ షెడ్డులోకి పోయాడు. గంగుబాయి వెనుక పోబోతే నేను చేయి పట్టి ఆపాను.

22 జులై, మంగళవారం

వినోదకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను. ఏ చెవి అని ఒక్కటే అడిగింది. ఎడమ అన్నాను. ఫోన్ పెట్టేసింది.

28 జులై, సోమవారం

రిసీవర్ వచ్చింది. మొట్టమొదట కాదన్నదే. మూడింటిలో దానికే మోనో ఉందట. రెండు దిక్కుల సప్పుడూ కలిసి ఒక్కటై, ఏ చెవికైనా పూర్తిగా వస్తుందట. వాహెద్ సెట్టింగ్ చేసి పంపాడు.

కైలాసం హెడ్‌ఫోన్ పెట్టుకొని మొన్నటి భజనే విన్నాడు. సగంలో కళ్లు పెద్దవి చేశాడు.

"గీ పాటల తాళాలు గూడ ఉన్నయా?"

మాకు ఎప్పుడూ వినబడేవే. నేను ఉన్నాయన్నాను.

గంగుబాయి తన మంచం వాడి కుడి దిక్కుకు మార్చుకుంది. ఇన్నేండ్లు గోడకు చెప్పుకున్ననని గొణిగింది. నవ్వలేదు.

ఆదిలాబాద్ నుంచి ఫోన్ లేదు.

9 ఆగస్టు, శనివారం. రాఖీ

వినోద వచ్చింది. అన్నకు ఎడమ దిక్కు కూర్చుంది. రాఖీ కడుతూ ఏదో చెప్పింది. కైలాసం తల ఊపాడు.

వినోద లేచి, చుట్టూ తిరిగి వచ్చి, కుడి దిక్కు కూర్చొని మళ్లీ చెప్పింది.

ఈసారి కైలాసం తల ఊపలేదు, చెల్లెకు జవాబు చెప్పాడు.