వియ్యంకుడి వంతు

ఆర్మూర్,
మంగళవారం

జ్యోతిలక్ష్మి వదినకు,

మీరు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. నిశ్చితార్థం మాట్లాడడానికి వచ్చిన అన్నయ్యగారు అన్నం ముట్టకుండా పోచంపాడ్ వెళ్లిపోయారు. తప్పు మాదే. ఆట చెప్పకుండానే ఆయన చేతిలో కర్ర పెట్టాం.

క్రోకే అని, మా దివ్యశ్రీ కాలేజీలో నేర్చుకొచ్చింది. కర్ర సుత్తితో బంతిని కొట్టి, నేలలో గుచ్చిన ఇనుప కమానుల కిందుగా పంపాలి. పచ్చిక మైదానం మాకెక్కడిది? పసుపు ఆరబోసే కల్లంలోనే ఆడతాం. అందుకే మా ఆటకు హద్దుల్లేవు. బంతి ఎక్కడ పడితే అక్కడి నుంచే కొట్టాలి. అడ్డమొచ్చిన వాళ్ల బంతిని ఎగరగొట్టడమే ఇందులో మజా.

మా ఆయనకు అదంతా తెలుసు. అయినా పిల్లగాడి తండ్రి కదా అని తన బంతిని కావాలనే పక్కకు కొట్టుకుంటూ, "మీరే పోండ్రి బావా" అని దారి ఇచ్చారు. దివ్యశ్రీకి అంత మర్యాద ఎక్కడిది? కాబోయే మామగారి బంతిని ఒక్క దెబ్బకు మురికి మోరీలో వేసింది.

"పెండ్లి గాకముందే గిట్ల కొడ్తే, అయినంక నా గతేంది?" అన్నారు అన్నయ్యగారు. తండ్రి వెంట వచ్చిన మీ రాకేష్ మాత్రం తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాడు. నేను చూశాను.

పిల్లతో తప్పయిందని చెప్పించమని కబురు పంపారు. చెప్పించను వదినా. బంతి ఇంకా మోరీలోనే ఉంది, మేమెవరమూ ముట్టలేదు. ఆదివారం అన్నయ్యగారిని పాత చెప్పులేసుకుని రమ్మనండి.

ఇప్పుడు వంతు ఆయనదే.

మీ వదిన