ఎండలో నిలబడ్డవాడికి నీళ్ళు

రావివలస,
ఫాల్గుణ సోమవారం.

చిరంజీవి తమ్ముడు తారకేశ్వరరావుకి అప్ప దీవెనలు.

నిన్న నేను గ్రౌండుకి రావడం నీకు నచ్చలేదు. అందరి ముందూ "అప్పా, ఇది నా పని. నువ్వింటికెళ్ళు" అన్నావు. వచ్చేశాను. ఫోను చేస్తే ఎత్తవు. అందుకని రాస్తున్నాను. టెక్కలి గ్రౌండు కాపలా కాసే అసిరయ్య మన భావనపాడు మనిషే. నీకు క్యారేజీ తెచ్చేది అతనే కాబట్టి ఈ కాగితం దానితో పంపుతున్నాను. పైగిన్నెలో నెత్తళ్ళ వేపుడు ఉంది. చల్లారకముందే తిను.

ఓడిపోతున్న నీ ఫుట్‌బాల్ జట్టుని బాగుచేసుకోవడానికి మన టెక్కలికే తెచ్చావని విని సంతోషించాను. లీగులో అట్టడుగున ఉన్నారట. ఇంకా ఓడితే హెడ్ కోచ్ ఉద్యోగం కూడా ఉండదని విశాఖలో యజమానులు నీతో చెప్పారట. నీ జట్టులోనే ఉన్న మన యువరాజు చెప్పాడు. పొద్దున్న దీపం పెట్టినప్పుడు నీ పేరు, వాడి పేరు కలిపే చెప్పుకుంటున్నాను. ఒకడు గోలు కాసేవాడు, ఒకడు వాళ్ళందరినీ కాసేవాడు.

నువ్వు వచ్చిన రోజునే కుర్రాళ్ళందరినీ మా ఎండల మల్లన్న దగ్గరికి తీసుకొచ్చావు. నేను పూలబుట్టతో వెనకే ఉన్నాను. నువ్వు చూడలేదు. మణిపూర్ పిల్లలకి హిందీలో చెప్పావు. మన పిల్లలకి మన మాటల్లోనే చెప్పావు. "సూడండ్రా. నెత్తిమీద కప్పు లేదు. గుడి కడతామంటే వద్దన్న దేవుడు. నీడ అడిగాడేటి? మీరేటి, ఒక పూట నిలబడలేరేటి?" అన్నావు. నాకు గర్వంగానే అనిపించింది, మా తమ్ముడికి దేవుడు గుర్తున్నాడని.

నిన్న చూశాక అర్థమైంది. తప్పు చేసినవాణ్ణి మిట్టమధ్యాహ్నం గీత మీద నిలబెడుతున్నావు. చొక్కా లేదు, నీళ్ళు లేవు. దానికి 'మల్లన్న' అని పేరు కూడా పెట్టావు. ఒకడికి మల్లన్న వేశారు, ఇద్దరికి మల్లన్న వేశారు అని కుర్రాళ్ళు చెప్పుకుంటున్నారు. అసిరయ్య నా చెవిలో "అమ్మా, మీ తమ్ముడు ఆట నేర్పుతన్నాడా, సేపలెండబెడతన్నాడా?" అన్నాడు. కామేశ్ అనే కుర్రాడు మన యువరాజుతో అనడం నేనే విన్నాను. "బావా, మీ మావకంటే ఆ సూర్యుడే నయం. సాయంత్రానికైనా దిగిపోతాడు."

నవ్వొచ్చింది. తరవాత రాలేదు.

తమ్ముడూ, నువ్వు స్వామిని సగమే చూశావు. ఆయన ఎండలో నిలబడతాడు, నిజమే. కానీ పొద్దున లేస్తే ఆయన నెత్తిన నీళ్ళు పోయనిదే ఇక్కడ ఎవరూ ముద్ద నోట పెట్టరు. కార్తీకంలో బిందెలు ఆగవు. ఎండలో ఉన్న దేవుడికి మనం చేసే పూజంతా నీళ్ళే. పిల్లలకి నీళ్ళియ్యి. అంతే.

ఇట్లు,
నీ అప్ప కళావతి.

———

రావివలస,
బుధవారం.

చిరంజీవి తమ్ముడికి,

క్యారేజీ ఖాళీగా వచ్చింది. నీ జవాబు అసిరయ్య నోటితో వచ్చింది. "మా అప్పకి సెప్పు, జపం ఆవిడ పని, ఆట నా పని." మంచిది. అది జపం చేసుకునేదాని ఉత్తరం. ఇది యువరాజుని పెంచినదాని ఉత్తరం. కూర్చుని చదువు.

వాణ్ణి కన్న మన దుర్గ ఎలా పోయిందో నీకు తెలుసు. చివరి రోజుల్లో నువ్వు గోవాలో ఆడుతున్నావు, రాలేదు. ముందు కాళ్ళు వాచి, ముఖం వాచి, ఆఖరికి చెల్లెలు నా ఒళ్ళో కొబ్బరిమట్టలా ఎండిపోయింది. మన ఉద్దానంలో ఏ ఇంట చూసినా ఈ కిడ్నీ జబ్బే. ఎందుకొస్తుందో పెద్ద పెద్ద డాక్టర్లే తేల్చలేదు. పెళ్ళయి చిన్నప్పుడే ఈ కొండవారకి వచ్చేశాను కాబట్టి నేను మిగిలానని మీ బావ అనేవారు.

యువరాజుకీ అదే మొదలయింది. దీపావళికి ఇంటికొచ్చినప్పుడు పలాసలో రక్తం చూపించాం. క్రియాటినిన్ పెరిగింది. మొదట్లోనే పట్టుకున్నాం, నీళ్ళు బాగా తాగాలి, నొప్పి మాత్రలు మింగకూడదు, ఎండన పడకూడదు, జాగ్రత్తగా ఉంటే ఏళ్ళ తరబడి ఆడుకోవచ్చు అని డాక్టరు చెప్పాడు. మీ క్లబ్బువాళ్ళు చేర్చుకునేటప్పుడు వాడి మోకాళ్ళు చూశారు, గుండె చూశారు. ఇది ఎవరూ చూడలేదు. వాడూ చెప్పలేదు. చెబితే ఆట పోతుందని వాడి భయం.

వాడు నన్ను మల్లన్న ముందు నిలబెట్టి, లింగం మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకున్నాడు. "పెద్దమ్మా, మావకి మాత్రం సెప్పకు. సెప్తే ఈ జన్మకి నాకు గోలు లేదు" అన్నాడు. నేను ఇంతవరకు దేవుడి మీద వేసిన ఒట్టు తప్పలేదు. ఈ రోజు తప్పుతున్నాను. నువ్వు వాడి మేనమామవి. దుర్గ నిన్ను ఎత్తుకుని తిప్పింది. ఆ ఒక్క నమ్మకంతో రాస్తున్నాను.

వాణ్ణి ఆటలోంచి తియ్యొద్దు. ఎవరికీ చెప్పొద్దు. ఎండలో నిలబెట్టకు, నీళ్ళు ఆపకు. చాలు. ఈ కాగితం చదివి పొయ్యిలో పెట్టు.

నీ అప్ప.

———

పలాస ఆసుపత్రి,
ఆదివారం.

తారకేశ్వరరావుకి,

కామేశ్ వచ్చి అంతా చెప్పాడు. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. అబద్ధమైతే కొట్టెయ్యి.

నువ్వు కుర్రాళ్ళందరినీ ఎండలో వరసగా నిలబెట్టావు. యువరాజుని ముందుకి పిలిచావు. అసిరయ్య చేత బిందెడు నీళ్ళు తెప్పించావు. "ఈడు రోగిష్టోడురా. మన గోలు కాసేది రోగిష్టోడు. అందుకే ఓడిపోతన్నాం. ఈడికి ఈళ్ళ పెద్దమ్మ నీళ్ళు పంపింది. తాగరా, తాగు. నువ్వు తాగినంతసేపూ ఈళ్ళు నిలబడతారు" అన్నావు. వాళ్ళ నాలుకలు పిడచకట్టుకుపోతున్నాయి. వాడి ముందు బిందె నిండుగా ఉంది. చెంబు నువ్వే చేతికిచ్చావు.

వాడు తాగలేదు. చెంబు బిందె మీద బోర్లించి, వెళ్ళి వరసలో చివర నిలబడ్డాడు. "సర్, నాకూ మల్లన్నే" అన్నాడట. నువ్వు గొడుగు కింద కూర్చున్నావు. వాడు పడేదాకా కూర్చున్నావు. పడ్డాక కూడా "నటన" అన్నావని కామేశ్ ఏడ్చాడు. బిందె ఎత్తి వాడి ముఖాన పోసింది అసిరయ్య.

ఇప్పుడు యువరాజు పడుకున్నాడు. రెండు కిడ్నీలూ ఇంకా బాగా దెబ్బతిన్నాయని డాక్టరు అంటున్నాడు. క్లబ్బు నుంచి మనిషి వచ్చి, ఆరోగ్యం దాచి మోసం చేశాడు కనక యువరాజుతో తమకి పని లేదు అని కాగితం ఇచ్చి వెళ్ళాడు. కింద నీ సంతకం ఉంది.

కళ్ళు తెరిచి వాడు నన్ను ఒకటే అడిగాడు. "సెప్పీసావా, పెద్దమ్మా?"

వాడి పెదాల మీద తడిగుడ్డ పెట్టాను. నీకు ఇంక చెప్పడానికి ఏమీ లేదు. క్యారేజీ గిన్నెలు నీ దగ్గరే ఉండనీ.

కళావతి.

———

రావివలస,
వైశాఖ సోమవారం.

తమ్ముడు తారకేశ్వరరావుకి,

ఏడాది దాటింది మనకి మాటల్లేక. నీ ఉత్తరం అందింది. నీ చేతిరాత చూసి చాలా రోజులయింది.

నిన్న నీ ఇల్లాలు జ్యోత్స్న వచ్చింది. గుమ్మంలోనే నా కాళ్ళు పట్టుకుంది. లేపి అన్నం పెట్టాను. తినలేదు. "వదినా, నా కిడ్నీ ఆయనకి కలవదట, మీరు తప్ప ఆయనకి ఎవరూ లేరు" అంది. అన్నీ చెప్పింది. యువరాజు పడిపోయాక క్లబ్బువాళ్ళు భయపడి అందరికీ రక్తపరీక్షలు చేయించారని, కుర్రాళ్ళకి ఏమీ లేదు గాని కోచ్ గారికే ఈ కిడ్నీ జబ్బు తేలిందని. బూట్లు బిగుతవుతున్నాయని ఎప్పుడూ విసుక్కునేవాడివట. అది బూట్ల తప్పు కాదు. ఆ తరవాత రెండు ఆటలు ఓడగానే నిన్ను తీసేశారు. ఆ రోజు కుర్రాళ్ళు డ్రెస్సింగ్ రూములో పాటలు పాడుకున్నారని కూడా జ్యోత్స్నే చెప్పింది. నేను అడగలేదు.

డయాలసిస్ కోసం పలాసలో ఆసుపత్రి పక్కనే గది తీసుకున్నావట. డాక్టరు నీళ్ళు గ్లాసుతో కొలిచి తాగమన్నాడట. రాత్రిళ్ళు దాహం అని ఏడుస్తున్నావట. దాని మీద నేనేమీ రాయను.

రాశావు: "అప్పా, తోబుట్టువుదయితే బాగా కలుస్తుందంట. నువ్వు బాగున్నావు. ఒకటిచ్చినా మనిషి బతుకుతాదంట. సిన్నప్పుడు నీ కంచంలోనే తిన్నాను కదా." తిన్నావు. నాకు గుర్తుంది.

పరీక్షలు చేయించుకోమన్నావు. అవి నేను ముందే చేయించుకున్నాను. నా రెండూ బాగున్నాయి. నా గ్రూపు నీకూ సరిపోతుంది, యువరాజుకీ సరిపోతుంది. వాడికి సోంపేటలో డయాలసిస్ జరుగుతోంది. నేనే ఆటోలో తీసుకెళ్తున్నాను. తల్లి అయితే నేరుగా ఇవ్వొచ్చట. పెద్దమ్మ ఇవ్వాలంటే కమిటీ ఒప్పుకోవాలట. కాగితాలు పెట్టాను. పిలుపు వచ్చింది.

ఇది కూడా నీకు తెలియాలి. నీ ఉత్తరం నేను వాడికి చదివి వినిపించాను. వాడు కాగితం నా చేతిలోంచి తీసుకుని మడతపెట్టాడు. తరవాత "మావకిచ్చీ పెద్దమ్మా. నాకు వయసుంది, ఆగుతాను. మావ ఆగలేడు" అన్నాడు. నువ్వు రోగిష్టోడన్నవాడే ఈ మాటన్నాడు. రెండుసార్లు అన్నాడు.

నేను ఒప్పుకోలేదు.

ఆ రోజు వాడు ఆసుపత్రిలో కళ్ళు తెరవకముందే నేను స్వామికి మొక్కుకున్నాను. వీణ్ణి నిలబెట్టు, నాది ఒకటి వీడికిస్తాను అని. నీ మీద నమ్మకంతో ఆ లింగం మీద పెట్టిన ఒట్టు ఒకసారి తప్పాను. దాని ఫలం కళ్ళతో చూశాను. రెండోసారి తప్పను. నా దగ్గర ఉన్నవి రెండే. ఒకటి వాడిది. ఒకటి నేను వాడికి వండిపెట్టడానికి ఉండాలి.

నీ కోసం దీపం పెడుతూనే ఉన్నాను. అది ఆపలేదు, ఆపను. నువ్వు పోతే ఏడుస్తాను. కానీ ఇవ్వను. జ్యోత్స్నని మళ్ళీ పంపకు. ఆ పిల్ల ఏడుపు చూడలేను. చూసినా మారను.

ఈ ఉత్తరం అసిరయ్య తెస్తున్నాడు. టెక్కలి నుంచి ఎండన పడి వస్తాడు. చదవడానికి ముందు అతనికి మంచినీళ్ళివ్వు.

నీ అప్ప,
కళావతి.