తక్కువాటలో నేను అడుగుతున్న షో

స్టేషన్ వెనక వీధిలో కుట్టుషాపు నడుపుతూ, వీధి మొత్తానికీ కత్తెరమ్మగా తెలిసిన నేను, డెబ్బై రెండేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, స్థిరచిత్తంతో, నా ఇష్టపూర్వకంగా రాయిస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు ఎవరితోనైనా నోటిమాటగా ఏదైనా ఇస్తానని అని ఉంటే అది ఇందుమూలంగా రద్దు. నా మతి సరిగానే ఉందని డాక్టరుగారు కాగితం ఇచ్చారు. అది చాలనివాళ్లకు ఇంకో రుజువు చెబుతాను. మొన్న ఆదివారం పేకాటలో నాకు రాజు వస్తే కన్నార్పకుండా పారేశాను. మతి చలించినవాళ్లు రాజును పట్టుకుని వేలాడతారు.

వీలునామాలో పేకాట గొడవ దేనికని వకీలుగారు అడిగారు. ఆట అర్థం కాకపోతే నేను ఎవరికి ఏం ఎందుకు ఇస్తున్నానో అర్థం కాదని చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని రాయడం మొదలుపెట్టారు.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత పక్కషాపులో గడియారాలు రిపేరు చేసే ఆయనకు అప్పగిస్తున్నాను. ఇన్నేళ్లుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా బల్ల దగ్గర నాలుగో కుర్చీ ఆయనదే. మంచి ముక్కలుంటే పందెం పెంచుతారు, లేకపోతే డ్రాప్ అంటారు. లేనిది ఉన్నట్టు ఏనాడూ నటించలేదు. అందుకే ఆయన గెలవరు, అందుకే నేను ఆయనను నమ్ముతున్నాను. ఆయనకు ఏమీ ఇవ్వడం లేదు. ఇచ్చినా తీసుకోరు, పైగా నొచ్చుకుంటారు.

2. ఆట తెలియనివాళ్ల కోసం. మనిషికి ఐదు ముక్కలు పంచుతాం. చూసుకుని ఒక విడత పందెం. తర్వాత అక్కర్లేనివి పారేసి అన్నే కొత్తవి తీసుకోవచ్చు, అదీ ఒక్కసారే, ఎన్ని కావాలో పైకి చెప్పి మరీ. ఏమీ మార్చుకోనివాళ్లు “వద్దు” అంటారు. మళ్లీ ఒక విడత పందెం. చివరికి మిగిలినవాళ్లలో ఒకరు షో అడిగితే ముక్కలు బల్ల మీద పరచాలి. ఇంతవరకూ పోకర్ అంటే అందరికీ తెలిసిందే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, మా ఆటలో మాత్రం అందరికంటే తక్కువ ముక్కలున్నవాళ్లే గెలుస్తారు. ఆసు అన్నిటికన్నా చిన్నది. ముందు ఎవరి పెద్ద ముక్క చిన్నదో చూస్తాం, సమానమైతే దాని తర్వాతది. ఆసు నుంచి ఐదు దాకా వస్తే ఇక తిరుగులేదు. వరస, రంగు లెక్కలోకి రావు. జత పడిందా, పని అయిపోయినట్టే. బయట దీన్ని ఏమంటారో నాకు తెలియదు, మా ఇంట్లో తక్కువాట అంటాం. డబ్బు పెట్టి ఎన్నడూ ఆడలేదు, గుండీలతో ఆడాం. షర్టు గుండీ చిన్న పందెం, కోటు గుండీ పెద్ద పందెం.

3. ఈ ఆట నాకు నేర్పింది పోయిన నా భర్త. నేర్పారే గానీ ఆయనకు రాలేదు. రాజును పారేయడానికి ఆయనకు చేతులు వచ్చేవి కావు, చూస్తూ చూస్తూ రాజును ఎలా వదులుతామే అనేవారు. షాపు బోర్డు మీద తన పేరు రాయించి పక్కన “అండ్ సన్” అని పెట్టించింది కూడా ఆయనే. ఆ సన్ ఈ షాపులో ఒక్క కాజా కుట్టి ఎరగడు. పదిహేనో ఏట నుంచి రెండో మెషీను మీద కూర్చున్నది కూతురు. నేను పోయిన మర్నాడే ఆ బోర్డు దింపించాలి. చెక్క మంచిదే, ఇస్త్రీ బల్ల అడుగున వేసుకోవచ్చు.

4. నా ఆడపడుచుకు ట్రయల్ రూములోని నిలువుటద్దం. ఒకప్పుడు నా పెద్ద కత్తెర అడిగి పట్టుకెళ్లి, దానితో రేకు కత్తిరించి, ఏమీ ఎరగనట్టు తెచ్చిచ్చింది. ఆ కత్తెర మళ్లీ సిల్కు కోయలేదు. మా బల్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా మూడు ముక్కలు మార్చుకునేది. రెండు చిన్నవి పట్టుకుని ఇంకో మూడు చిన్నవి వస్తాయని కూర్చోవడం దింపుడుకళ్లం ఆశ. అద్దంలో చూసుకుంటూ ఈ మాట తనకు తనే చెప్పుకోవచ్చు.

5. నా కూతురికి పేక దస్తా, గుండీల డబ్బా, రెండు మెషీన్లు, నా వేలితొడుగు. వాటితోపాటు గెలిచే పద్ధతి కూడా. పద్ధతి దానికి తెలుసు, అయినా రాతలో పెడుతున్నాను, ఎవరూ నేర్పలేదనడానికి వీలుండకూడదు.

మొదటి ఐదింటిలో ఎనిమిది దాటనివి, జత కానివి నాలుగుంటేనే ఆటలో ఉండు. మూడే ఉంటే వదిలెయ్, నీ వంతు చివరిదై ముందువాళ్లెవరూ పందెం పెంచకపోతే తప్ప. చివర కూర్చున్నవాళ్లకు సగం గెలుపు కూర్చోవడంలోనే ఉంది, అందరూ ఎన్ని అడిగారో విన్నాకే నోరు విప్పొచ్చు. తొమ్మిది పెద్ద ముక్కగా ఐదూ కుదిరి, అవతలివాళ్లు ఒకటి మార్చుకుంటుంటే, నువ్వు కదపకు. గుడ్డికన్న మెల్ల మేలు. నీది పది అయి, గడియారాల ఆయన లాంటి మనిషి “వద్దు” అంటే, ఆ పదిని నమ్ముకోకు, పారేసి ఒకటి అడుగు. ఒకటి మార్చుకుని ఏడు లోపు కుదిరితే సిగ్గుపడకుండా పందెం పెంచు. మంచి ముక్కలు పట్టుకుని తలొంచుకు కూర్చుంటే నిన్ను ఎవరూ మెచ్చుకోరు.

అబద్ధానికి కూడా ఒక పద్ధతుంది. నీకు రెండ్లు రెండు, మూళ్లు రెండు పడ్డాయనుకో. ఆటకు పనికిరావు. కానీ అవి నీ దగ్గరున్నాయంటే అవతలివాళ్లకు ఆ మేరకు కరువే. అప్పుడు “వద్దు” అని పందెం పెంచితే అది తెలివైన అబద్ధం. జత రాజులు పట్టుకుని “వద్దు” అనడం ఉత్త మేకపోతు గాంభీర్యం. ఒక్క పూటలో మాటిమాటికీ “వద్దు” అనేవాడికి దేవుడు దిగివచ్చి పంచినా అన్ని మంచి ముక్కలు రావు. వాడికి మందు ఒకటే. షో అడగాలి.

6. ఇక చేదు సంగతి. నా కొడుకు ఈ ఆట నేర్చుకున్న నాటి నుంచీ “వద్దు” అనే అంటున్నాడు. వాడు ఆ మాట అని, కోటు గుండీలు బల్ల మధ్యకు తోసి, వెనక్కి వాలి కూర్చుంటాడు. వాడి అక్క డ్రాప్ అంటుంది. పారేసిన ముక్కలు తిప్పి చూడకూడదని నా భర్త పెట్టిన నియమం, దాన్ని అందరూ పాటించారు. కానీ ముక్కలు ఏరి కలిపేది నేను. చీకటి గుడ్డ మీద నల్లదారం కుట్టు చూడగల కళ్లు నావి, మూసుకోమంటే మూసుకోవు. వాడివి ఎప్పుడూ రాజులు, రాణులు, జతలు. దానివి ఏడు, ఆరు, నాలుగు. గెలిచే ముక్కల్ని చేతులారా బోర్లించేది. నియమం నియమమని నేను నోరు మూసుకున్నాను.

ఆ ఆట బల్ల దగ్గరే ఆగి ఉంటే ఈ వీలునామా ఒక పేజీలో అయిపోయేది. వాళ్ల నాన్న పోయాక పై అంతస్తు అక్కాతమ్ముళ్లిద్దరికీ వచ్చింది. వీడు వచ్చి, నాకేమీ అక్కర్లేదక్కా, కాగితాలు ఒక్క పేరు మీదుంటే ఆఫీసుల చుట్టూ తిరిగే పని తప్పుతుందంతే అన్నాడు. అది సంతకం పెట్టింది. ఏడాది తిరక్కుండా వాడు పై అంతస్తు అమ్మేశాడు. ఇప్పుడు మా నెత్తి మీద ఎవరో పరాయివాళ్లు కుర్చీలు ఈడుస్తుంటే, నా కూతురు షాపు వెనక కటింగు గదిలో, బల్ల కింద చుట్టిపెట్టిన పరుపు రాత్రికి పరుచుకుని పడుకుంటోంది. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

నా గుండె సంగతి డాక్టరు చెప్పాక వాడు పళ్ల సంచీ పట్టుకుని వారం వారం వస్తున్నాడు. షాపు అక్కకు భారమట. దానితో తనకేమీ పని లేదట, తన పేరు మీదుంటే అక్కకు బాధ్యత తప్పుతుందట. నేను వింటున్నాను. వాడు ఆ మాట అంటున్నప్పుడు కూడా వెనక్కి వాలే కూర్చున్నాడు. షాపు కూడా పోతే నా కూతురికి పరుపు పరుచుకునే నేల కూడా మిగలదు. అది మాత్రం సూదిలోకి దారం ఎక్కిస్తూ, చూద్దాంలేరా అంది.

పోయిన నెల ఒక ఆదివారం నేనూ గడియారాల ఆయనా ముందే డ్రాప్ అయ్యాం. నా కూతురు ఒక ముక్క మార్చుకుంది, వాడు “వద్దు” అన్నాడు. ఉన్న కోటు గుండీలన్నీ తోశాడు. అది తన ముక్కలు చూసుకోలేదు, తమ్ముడి వంక చూసి డ్రాప్ అంది. ఏరుతూ చూశాను. దానివి ఆరు, నాలుగు, మూడు, రెండు, ఆసు. జన్మకు ఒకసారి వచ్చే ముక్కలు. వాడివి జత రాజులు. మర్నాడు పొద్దున అది ప్యాంటు అంచు మడిచి కుడుతుంటే నేను నియమం తప్పి అడిగేశాను, వాడి చేతిలో ఏమీ లేదని నీకు ఒక్కసారైనా అనిపించలేదా అని. అది సూది ఆపకుండానే చెప్పింది.

“తెలుసమ్మా. జత పడితే వాడు కింది పెదవి కొరుకుతాడు, చిన్నప్పట్నుంచీ అంతే. షో అడిగితే ముక్కలు కింద పెట్టాలి కదా. అప్పుడు వాడి మొహం నేను చూళ్లేను.”

అంటే ఇన్నేళ్లూ దానికి తెలుసు. తెలిసే పై అంతస్తు మీద సంతకం పెట్టింది. వాడి మీద నాకు ఎంత కోపముందో దాని మీదా అంతే ఉంది, పోయేలోగా తగ్గేలా లేదు. దాని చేత షో అడిగించడం నా వల్ల కాలేదు. కాబట్టి నేనే అడుగుతున్నాను.

7. నా స్వార్జితమైన కుట్టుషాపు, వెనకనున్న కటింగు గది, వాటిలోని సమస్త సామగ్రి నా కూతురికి చెందుతాయి. ఆమె వాటిని జీవితాంతం అనుభవించవచ్చు, నడపవచ్చు, మూయవచ్చు, తలుపులకు పచ్చరంగు వేసుకోవచ్చు. కానీ తమ్ముడికి గానీ, అతని తరఫున వచ్చే ఎవరికి గానీ అమ్మడానికి, దానమివ్వడానికి, హక్కు వదులుకోవడానికి ఆమెకు అధికారం లేదు. అలాంటి కాగితం మీద ఆమె సంతకం పెట్టినా అది చెల్లదు. ఇది దాని మంచితనం మీద నేను వేస్తున్న తాళం. తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి, నేను వినడానికి ఉండను.

8. నా కొడుకుకు ఈరోజున ఏమీ లేదు. ఎందుకంటే తనకేమీ అక్కర్లేదని వాడే చెప్పాడు, మనిషి మాటకు విలువివ్వాలి.

అయినా వాడి చేతిలో ఏముందో నాకు తెలుసు. వాడి టైల్సు షాపు మూతపడింది. సంచీ తగిలించుకుని పొద్దున్నే ఇంట్లోంచి బయలుదేరి బస్టాండు బెంచీ మీద కూర్చుంటున్నాడని గడియారాల ఆయన చూసి, మూడు రోజులు నాన్చి, నాకు చెప్పారు. ఆయన చెప్పకపోయినా నాకు తెలిసేది. పోయినసారి వాడు వేసుకొచ్చిన చొక్కా కాలరు అరిగిపోతే ఊడదీసి, తిప్పి కుట్టించుకున్నాడు. తల్లి, అక్క ఇద్దరూ కుట్టుపని చేసేవాళ్లే అయినా, మాకు తెలియకూడదని వేరే వీధిలో కుట్టించుకున్నాడు. కుట్టు వంకరగా ఉంది. ఆ రోజు వాడు వెళ్లేదాకా నేను ఆ కాలరు వంకే చూస్తూ కూర్చున్నాను.

కనుక ఒక సడలింపు ఇస్తున్నాను. నా కొడుకు పనివేళల్లో షాపుకు వచ్చి, గడియారాల ఆయన వింటుండగా, తన నోటితో “నా దగ్గర ఏమీ లేదక్కా, నాకు కావాలి” అని అడిగిన పక్షంలో, షాపులో సగం దాకా తనకు తోచినంత ఇవ్వడానికి నా కూతురికి ఆనాటి నుంచి హక్కు కలుగుతుంది. కాగితాలు ఒక పేరు మీదుండటం, బాధ్యత తప్పించడం లాంటి మాటలు అడిగినట్టు లెక్కకు రావు. నవ్వుతూ అన్నా లెక్కకు రాదు. అది వాడి మొహం చూడలేకపోతే చూడక్కర్లేదు, మెషీను తొక్కుకుంటూ వినమనండి. వాడు అడగకుండానే పోతే ఆ సగం కూడా దానిదే, వాడి తరఫున దిగులుపడే హక్కు ఎవరికీ లేదు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నేను పెట్టడానికే కూర్చుని ఉన్నాను ఇన్నేళ్లూ. వాడు ఒక్కసారి కూడా అడగలేదు.

వకీలుగారు పైదంతా రెండుసార్లు చదివి వినిపించారు. విని, సరేనని, పదకొండో నెల పద్నాలుగో తేదీ, మంగళవారం, షాపు ముందుగదిలో సంతకం చేస్తున్నాను. చివరి గీత వంకరపోయింది. అయినా సంతకం నాదే.

(సంతకం)
కత్తెరమ్మ, కుట్టుషాపు యజమానురాలు

సాక్షులు:
1. వీధి మొగలో క్లినిక్కు నడిపే డాక్టరు
2. ఎదురు బ్రెడ్డుషాపు ఆవిడ

వీళ్లిద్దరికీ ఇందులో ఏమీ రాదని ముందే చెప్పాను. అయినా వచ్చారు.