ఒకటి నుంచా, సున్నా నుంచా

చిట్టితల్లికి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసాగా ఉన్నాం. నువ్వు కూడా కులాసాగా ఉన్నావని నీ ఉత్తరంలో మూడు చోట్ల రాశావు. ఒక్క చోట రాసి ఊరుకుంటే నమ్మేదాన్ని.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. మీ నాన్న మోకాలి నొప్పి తగ్గింది. కుట్టుమిషను తొక్కడం మానమని డాక్టరు చెప్తే మోటారు పెట్టించుకున్నారు. రెండు రోజులయ్యాక దాని చప్పుడు నచ్చలేదని విప్పేసి మళ్ళీ కాలితోనే తొక్కుతున్నారు. నీకు రెండు చొక్కాలు కుట్టారు, ఈ వారంలో పంపుతాను. చేతులు పొడుగైతే మడిచి తొడుక్కో. పొడుగయ్యాయని మాత్రం ఆయనతో అనకు, టైలరు కూతురివై ఉండి కొలతలు పంపడం రాదా అని మొదలుపెడతారు.

మా ఆఫీసులో గొడవ సద్దుమణిగిందా అని అడిగావు. సద్దుమణగలేదు సరికదా, ముదిరింది. నీటి సరఫరా ఆఫీసు కదా, ప్రశాంతంగా ఉంటుందని జనం అనుకుంటారు. ఏ వీధికి ఏ గంటకి నీళ్ళు వదలాలో చెప్పే ప్రోగ్రాం కొత్తగా రాయాలి. ఏ భాషలో రాయాలన్నది రెండు నెలలుగా తేలడం లేదు. గడ్డపాయన జావా అంటాడు. కళ్ళజోడమ్మాయి నీలాగే పైథాన్ అంటుంది. మొన్నామధ్య టీలు తాగుతూ మళ్ళీ రాజుకుంది.

"మీ జావాలో ఒక గిన్నె తీసుకోవాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలండీ," అంది ఆ అమ్మాయి. "ఇది గిన్నె, ఇందులో నీళ్ళే పోస్తాను, ఇంకేమీ పొయ్యను అని ముందే రాసివ్వాలి. ఈలోపు దాహం వేసినవాడు లేచిపోతాడు."

"మీ పైథాన్‌లో గిన్నెలో ఏముందో తాగేదాకా తెలీదు కదమ్మా," అన్నాడు గడ్డపాయన. "నీళ్ళనుకుని గుటకేస్తే కిరసనాయిలు. మింగాక చెప్తుంది, ఇది నీళ్ళు కాదు బాబూ అని."

"నేను చూసుకునే పోస్తాను."

"నువ్వు చూసుకునే పోస్తావు. నీ తర్వాత వచ్చేవాడో?"

"నా తర్వాత వచ్చేవాడికి మీ కోడ్ చదవడం పూర్తయ్యేసరికి రిటైర్మెంట్ వస్తుంది."

అంతే, నాలుగు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. కూచునేది పక్కపక్క కుర్చీల్లోనే. "మేడమ్, ఆయన్ని కిటికీ కాస్త మూయమనండి" అని ఈమె అంటే, "మేడమ్, కిటికీకి దగ్గరున్నది ఆవిడేనని చెప్పండి" అని ఆయన. చివరికి లేచి కిటికీ మూసేది నేనే. నిన్న ఇద్దరూ నన్ను తీర్పు చెప్పమన్నారు. మా కాలంనాటి భాష కోబాల్‌లో రాద్దాం అన్నాను. దాంతో ఇద్దరూ ఒక్కటైపోయి నా మీద పడ్డారు. నాలుగు రోజుల్లో వాళ్ళు ఒకే మాట మీద నిలబడడం అదే మొదలు.

ఇక నీ ఉత్తరంలో సగం ఆ పాతమేకు గురించే ఉంది. మన ప్రోగ్రామర్లంతా చేరి జుట్లు పట్టుకునే ఆ వెబ్‌సైట్‌లో పాతమేకు అని పేరు పెట్టుకుని కోబాల్‌ని వెనకేసుకొచ్చే మనిషి. నువ్వేమో చిచ్చరపిడుగు అని పేరు పెట్టుకుని రెండేళ్ళుగా అతన్ని ఉతికి ఆరేస్తున్నావు. "మొండిఘటం అమ్మా, లెక్క ఒకటి నుంచే మొదలవ్వాలంటాడు. వరసలో మొదట నిలబడ్డవాణ్ణి సున్నా అని పిలిస్తే వాణ్ణి కన్నతల్లి ఊరుకుంటుందా అని అడుగుతాడు," అని రాశావు. ఆ మాటలో నాకు తప్పేమీ కనబడలేదు. కోబాల్‌లో జాబితాకి మొదటివాడు ఒకటి, మీ పైథాన్‌లో మొదటివాడు సున్నా. ఈ ఒక్క అంకె మీద మీరిద్దరూ మూడు వందల పన్నెండు సందేశాలు రాసుకున్నారు.

అంత కచ్చితంగా నాకెలా తెలుసని అడుగుతావు. ఈ ఉత్తరం మూడుసార్లు ఇక్కడిదాకా వచ్చి చించేశాను. ఫోన్ కూడా చేశాను, నీ దగ్గు గురించి అడిగి పెట్టేశాను. ఇక లాభం లేదు, చెప్పేస్తున్నాను. పాతమేకుని నేనే.

కాసేపు పక్కన పెట్టి, కాసిని మంచినీళ్ళు తాగి, మళ్ళీ చదువు.

రెండేళ్ళ క్రితం అక్కడ ఎవరో "కోబాల్ చచ్చి చాలా కాలమైంది, శవాన్ని తియ్యడానికే ఎవరూ రావడం లేదు" అని రాస్తే ఒళ్ళు మండిపోయింది. ఒక దొంగ పేరు పెట్టుకుని వెళ్ళి నాలుగు కడిగేశాను. ఆ రాసిన మనిషి వెంటనే జవాబిచ్చి, కింద ముచ్చటగా పది లైన్ల పైథాన్ పెట్టింది. చూడగానే నా చెయ్యి ఆగిపోయింది. ప్రపంచంలో పైథాన్ రాసేవాళ్ళంతా లోపలి లైనుకి ముందు నాలుగు ఖాళీలు వదులుతారు. అక్కడ మూడే ఉన్నాయి. మూడు వదిలేవాళ్ళు నాకు తెలిసి ఇద్దరే. ఎనిమిదేళ్ళ పిల్లని పక్కన కూచోబెట్టుకుని, తెర ఇరుగ్గా ఉంది, నాలుగైతే లైను తెగిపోతుంది, మూడు చాలు అని నేర్పింది నేను. నేర్చుకుంది నువ్వు.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. నిజం చెప్పనా, నువ్వు నాతో అంత బాగా ఎప్పుడూ పోట్లాడలేదు. ఇంట్లో నేనేదైనా అంటే "సరేలే అమ్మా" అని తోసేసేదానివి. అక్కడ నా ప్రతి మాటకీ నిలబడి జవాబిచ్చావు. కోబాల్‌లో ఒక చిన్న పనికి కూడా పేజీలకి పేజీలు రాయాలని నువ్వు తిడితే, అది నిజమేనని నాకు లోపల తెలుసు. ఖాళీ జాగాకి కూడా అర్థం ఉండే భాష అదేం భాషని నేను పైథాన్‌ని వెక్కిరిస్తే, నువ్వు మర్నాడు పొద్దున్నకల్లా ఇరవై లైన్లు రాసి పడేసేదానివి. అది చదువుకోవడం కోసం బస్సు రెండు స్టాపుల ముందే దిగి నడిచేదాన్ని. నీకు దొరక్కుండా ఉండాలని, ఈ వయసులో, నాలుగు ఖాళీలు వదలడం నేర్చుకున్నాను. నువ్వు నన్ను "తాతగారూ" అనడం మొదలుపెట్టిన రోజున మాత్రం మనసు చివుక్కుమంది. నా మాట తీరు మగాళ్ళలా ఉంటుందా అని మీ నాన్నని అడిగాను. ఆయన మిషను ఆపకుండానే, "ఇప్పుడా అడిగేది?" అన్నారు.

ఇంతవరకూ అయితే నవ్వుకుని ఊరుకునేదానివే. ఆ తర్వాతదే నన్ను తినేస్తోంది. కబుర్లు కాదు, దమ్ముంటే కోబాల్‌లో ఉన్న మీ బస్సు డిపో ప్రోగ్రాంని పైథాన్‌లోకి మార్చి చూపించు అని ఆర్నెల్ల క్రితం నిన్ను రెచ్చగొట్టింది నేను. నువ్వు పంతానికి పోయి మీ ఆఫీసులో అందరినీ ఒప్పించావు. డ్రైవర్ల జాబితా ఉన్న భాగాన్ని మాత్రం కోబాల్‌లోనే ఉంచు, ముప్పై ఏళ్ళుగా నడుస్తున్నదాన్ని కదపకు అని సలహా ఇచ్చిందీ నేనే. అమ్మ మాట వినని పిల్లవి, పాతమేకు మాట విన్నావు.

పోయిన గురువారం ఆయనకి నువ్వు విడిగా రాసింది నేను ఆఫీసులో చదివాను. "తాతగారూ, మీరే గెలిచారు. పదకొండు రోజులుగా మా డిపోలో ఒక బస్సుకి డ్రైవరు పడడం లేదు. కారణం దొరకడం లేదు. మావాళ్ళు తప్పు పైథాన్‌ది అంటున్నారు, నేను కోబాల్‌ది అంటున్నాను. ఒకటో తారీకు మీటింగులో రాజీనామా ఇచ్చేస్తాను. ఈ పనికి నేను పనికిరాను. అమ్మకి ఏమీ చెప్పలేదు. ఆవిడ నలభై ఏళ్ళలో ఒక్క తప్పు కూడా చెయ్యలేదు, ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. నాకు "కులాసా" అని మూడుసార్లు రాసి, ముక్కూ మొహం తెలియని ఆ ముసలాడికి మాత్రం ఉన్నదంతా చెప్పుకున్నావు. ఆ ముసలాణ్ణి నేనే అయినా, వాడి మీద కుళ్ళుకున్నాను.

దాంతోపాటు పాతమేకుకి నువ్వు పంపిన కోడంతా అచ్చు వేసుకుని మీ నాన్న కత్తిరింపుల బల్ల మీద పరిచాను. శుక్రవారం, శనివారం కోబాల్ చూశాను, తప్పు లేదు. మంచిదే అనుకుని ఆదివారం పైథాన్ మీద పడ్డాను. అందులోనూ లేదు. చాలా బాగా రాశావు, ఇది నేను రెండేళ్ళుగా నీకు చెప్పకుండా దాచిన ఇంకో సంగతి. మీ నాన్నకి బల్ల కావాలి, పక్కన నిలబడి చూస్తున్నారు.

"రెండు గుడ్డలున్నాయి, చిరుగు ఏ గుడ్డలో ఉందో తెలీడం లేదు," అన్నాను ఆయనకి అర్థమయ్యేట్టు.

"రెండిటినీ కలిపి కుట్టిన చోట చూశావా?"

"అక్కడేముంటుందండీ, ఒకే ఒక్క లైను."

"చొక్కా పట్టుకొచ్చినవాళ్ళంతా గుడ్డనే తిడతారు. నేను ముందు కుట్టు చూస్తాను. చూసి బల్ల ఖాళీ చెయ్యి."

చూశాను. కోబాల్ "ఒకటో మనిషిని పంపు" అంటోంది. పైథాన్ సున్నా నుంచి లెక్కపెట్టుకుని, ఒకటంటే వరసలో రెండో మనిషి కాబట్టి అతన్ని పంపుతోంది. అలా అందరూ ఒక్కో బస్సు జరిగిపోయారు. ఆఖరి బస్సు దగ్గరికి వచ్చేసరికి జాబితా అయిపోయి మనిషే మిగల్లేదు. మొదటి మనిషిని ఎవరూ పిలవనేలేదు. డ్రైవర్ల పేర్లు సీనియారిటీ ప్రకారం రాస్తారు కాబట్టి ఆయన మీ డిపోలో అందరికంటే పెద్దాయన అయ్యుంటాడు. ఇన్ని రోజులుగా పొద్దున్నే వచ్చి, బోర్డు మీద తన పేరు లేదని చూసుకుని, కిక్కురుమనకుండా ఇంటికి పోతున్నాడన్నమాట. ఈ మొత్తం వ్యవహారంలో తెలివైనవాడు ఆయనొక్కడే. ఆ లైనులో డ్రైవరు నంబరు నుంచి ఒకటి తీసెయ్యి, సరిపోతుంది. వేరే కాగితం మీద రాసి జతచేశాను.

నీ సగం తప్పు కాదు, నా సగం తప్పు కాదు. మనం రెండేళ్ళు దేని మీద కొట్టుకున్నామో, సరిగ్గా అదే మన కళ్ళ ముందు ఉంటే ఇద్దరికీ కనబడలేదు. నువ్వు నా సగాన్ని వెతుకుతున్నావు, మీవాళ్ళు నీ సగాన్ని వెతుకుతున్నారు.

ఒక ప్రశ్నకి జవాబు రాయలేదు. "అమ్మా, ఎప్పుడైనా నీ ప్రోగ్రాం తప్పిందా?" అని తమాషాకి అడిగినట్టు అడిగావు. తప్పింది. నా మొదటి ఉద్యోగం ఒక మిల్లులో. నా ప్రోగ్రాం అచ్చువేసిన పట్టీ చూసి కాపలాదారు సైరన్ మోగించేవాడు. ఒకరోజు పట్టీలో వరస ఒకటి జరిగింది. నాలుగింటికి మోగాల్సింది మూడింటికే మోగింది, ఎనిమిది వందలమంది మిషన్లు ఆపి హాయిగా ఇళ్ళకి పోయారు. అంతవరకూ నవ్వొచ్చేదే. మేనేజరు పిలిచి అడిగితే భయమేసి, "ఈ కోబాల్ ఇంతే సార్, నమ్మడానికి వీల్లేదు" అన్నాను. ఆయనకి తెలీదు, నమ్మాడు. ఆ భాష తెచ్చి, నాకు అక్షరం అక్షరం నేర్పిన పెద్దావిణ్ణి ఆ పనిలోంచి తప్పించి స్టోర్స్‌కి పంపేశారు. ఆవిడకి తప్పెవరిదో తెలుసు. నన్ను ఒక్క మాట అనలేదు. క్షమించమని అడగడానికి ధైర్యం కూడగట్టుకునేలోపు ఆవిడ ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది. కోబాల్‌ని ఎవరేమన్నా నేను మీద పడతానే, అదేదో గొప్ప భాషని కాదు. ఈ సంగతి మీ నాన్నకి కూడా ఇన్నేళ్ళుగా చెప్పలేదు, ఆదివారమే చెప్పాను. విని, "మరి అడగాల్సింది" అన్నారు.

కాబట్టి తల్లీ, మీటింగులో తప్పు ఏ భాష మీదకీ నెట్టకు. నీ నెత్తిన ఒక్కదానివే వేసుకోకు. కలిపిన చోట తప్పింది, సరిచేశాను అని చెప్పు. సలహా ఇచ్చిందెవరని అడిగితే నా పేరు చెప్పు, ఫోన్ నంబరు కూడా ఇవ్వు. అప్పటికీ ఈ పని వద్దనిపిస్తే మానెయ్యి, నేను అడ్డురాను. బస్సుకి డ్రైవర్ని ఇచ్చాక మానెయ్యి.

నీకు నా మీద కోపం వస్తుంది. రావాలి కూడా. నీ రహస్యాలు దొంగపేరుతో విన్నాను. పాతమేకుని నిన్ననే అక్కణ్ణించి తీసేశాను. ఆయనకి నువ్వు ఏం రాసినా ఇక ఎవరూ చదవరు. ఏడవాలన్నా పోట్లాడాలన్నా ఇప్పుడు నీకు మిగిలింది నేనొక్కదాన్నే. ఎంత రాసినా సరే, నాకు రాయి. "సరేలే అమ్మా" అని మాత్రం రాయకు.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూస్తున్న
అమ్మ