లేపాక్షి అంచులో తప్పిన పువ్వు

1978 మార్చి 8

మ్యూజియం తెరిచి రెండు నెలలు. ఇవాళ వచ్చింది ఇద్దరు. అందులో ఒకాయన మంచినీళ్ళ కోసం! ఇలాగైతే ఈ బొమ్మల హాలు మూసి గోదాము చెయ్యమంటారమ్మా పైవాళ్ళు — క్యూరేటర్ గారి మాట. ఆరు నెలలు లేపాక్షి గుడిలో మంచె మీద వెల్లకిలా పడుకుని, కప్పు మీది బొమ్మలకు నకళ్ళు గీశాను. వాటి మీద బస్తాలు పేరుస్తారా?

మార్చి 9, అమావాస్య

ధర్మవరం ఆవిడ ఒకరు. నారాయణమ్మ. మగ్గం నేస్తుంది. మగ్గాలకు అమావాస్య సెలవు కదా, ఆసుపత్రిలో అక్కను చూసి, ఎండకు ఆగలేక లోపలికొచ్చింది. నేను గీసిన చెలికత్తెల బొమ్మ ముందు గంట సేపు! మెచ్చుకుంటుందనుకున్నా.

"ఈ చీర అంచు ఎవురు గీసినారు పాపా?"

"నేనే."

"తప్పు గీసినావు. హంస, పువ్వు, హంస, పువ్వు... ఈ మడత కాడ పువ్వు యాడికి పోయింది?"

ఒళ్ళు మండింది. అసలు బొమ్మలోనే లేదన్నాను. నవ్వింది. "నేసినోడు మర్చిపోడు పాపా. మడత కింద దాక్కోనుంటాది, సూడు పో."

మార్చి 12

లేపాక్షి బస్సు. టార్చిలైటు. మూడో చెలికత్తె నడుము దగ్గర, మడత చాటున — సగం రేకు! ఉంది! ఆరు నెలలు చూసిన నాకు కనబడలేదు. పైకి చూస్తూ ఒక్కదాన్నే నవ్వుతుంటే గుడి కావలాయన — "ఏమ్మా, ఏమైనాది?"

మార్చి 14

నా నకలు దిద్దాను. నారాయణమ్మకు కార్డు రాశాను: పువ్వు దొరికింది, రా.

ఏప్రిల్ 7

వచ్చింది. వెంట తొమ్మిది మంది నేతగాళ్ళు! నేల మీదే బాసింపట్లు. గ్రాఫు కాగితాల మీద అంచులు చూసి దించుకుంటున్నారు. "లేపాక్షికి ఎన్నిసార్లు పోయినా మెడలు నొప్పి పెట్టి దండం పెట్టుకోని వచ్చినాం గానీ, ఇంత దగ్గర యాడ చూసినాం!" హాలంతా మాటలు. వీళ్ళను చూడటానికి కాలేజీ పిల్లలు. క్యూరేటర్ గారు — ఇది మ్యూజియమా, మగ్గాల షెడ్డా... కానీ ఫ్యాను ఆయనే వేశారు.

మే 7

నారాయణమ్మ నేసి తెచ్చిన చీర మడత విప్పింది. అరిటాకు పచ్చ, మిరపపండు అంచు. హంస, పువ్వు, హంస, పువ్వు. గోడ మీద బొమ్మ, చేతుల్లో చీర.

నా బొమ్మ పక్కన తగిలిద్దామన్నాను. క్యూరేటర్ గారు ఒప్పుకోలేదు. "అమ్మకపు సరుకు గోడకెక్కించామని ఎవరో పైకి రాస్తారమ్మా."

"అమ్మేది గాదు సారూ. ఈడ పెట్టేదానికే నేసినా."

ఆయన చాలాసేపు అంచు నిమిరారు. మడిచి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

మే 10

రేపు పైనుంచి తనిఖీ. హాలు ఉండేదీ లేనిదీ తేలుతుందట.

ఆయన భోజనానికి వెళ్ళగానే మేకులు కొట్టేశాను. తగిలించేశాను! చీర కింద అట్ట ముక్క: నేత — నారాయణమ్మ, ధర్మవరం.

తిరిగొచ్చి చూశారు. అట్ట చదివారు. సుత్తి ఏదన్నారు. ఇచ్చాను. పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. సుత్తి తీసుకెళ్ళింది చీర పీకడానికా, ఎవరూ పీకకుండా దాచడానికా? ఆఫీసు కట్టేసే వేళయింది... ఇంకా బయటికి రాలేదు.