నాన్న కాలి వేడి

ఆదివారం, జగ్గయ్యపేట

నాన్న ఎక్స్‌రే చూసి, నందిగామ ఎముకల డాక్టరు పాజెట్ జబ్బే అన్నారు. కాలి ఎముక కరిగిపోతూ, మళ్ళీ వంకరగా పెరుగుతోందట. హైదరాబాద్ ల్యాబులో మూడేళ్ళుగా నేను మందు తయారుచేస్తున్నది ఈ జబ్బుకే. ఈ జబ్బులో ఎముకను తినే కణాలను రెచ్చగొట్టేది విటమిన్ డి సంకేతమే; అది వాటికి అందకుండా అడ్డుపడే మందు.

తిరిగొస్తూ కారులో ఆ మందు గురించి మాట జారాను. చిల్లకల్లు వచ్చేసరికి నాన్న అడగనే అడిగారు.

"నాలుగు బిళ్ళలు పట్రామ్మా. మన మందుల కొట్లోకి ఏ కొత్త సరుకొచ్చినా ముందు నేను వేసుకున్నాకేగా అమ్మేది!"

"ఇంకా మనుషులకెవరికీ ఇవ్వలేదు నాన్నా."

"నువ్వు చేసిందేగా, భయమెందుకు?"

అది బిళ్ళ కూడా కాదు, సీసాలో చిటికెడు తెల్లపొడి. మనిషి కణాల్లో సంకేతాన్ని ఆపిన ఆ పొడే ఎలుక కణాల్లో దాన్ని పెంచింది. ఎందుకో మాకింకా అంతుపట్టలేదు. నాన్న ఒంట్లో ఏ పక్కకు తిరుగుతుందో!

ఇందాక ఆయన నిద్రపోయాక కాలు ముట్టుకున్నాను. జ్వరం లేదు, మోకాలి కింద మాత్రం కాలిపోతోంది.

తెస్తానని అనలేదు. తేననీ అనలేకపోయాను. ల్యాబు ఫ్రిజ్ తాళంచెవి నా బ్యాగులోనే ఉంది.