నీళ్లు తాగని పిల్లలు

జహీరాబాద్,
12-4-1981

నా కొడుకు రామ్‌కిషన్‌కు మీ అమ్మ దీవించి రాసేది. నేను క్షేమంగా ఉన్నాను. "అందరం క్షేమం" అని రాయబోయి కొట్టేశాను, ఇప్పుడు ఇక్కడ ఉన్నది నేనొక్కదాన్నే కదా. షోలాపూర్‌లో నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను.

నా దగ్గు తగ్గింది. హాస్టల్లో వంట పని బరువుగా లేదు. "చెల్లె బీరమ్మ ఆఖరి గడియలో నన్ను పిలిచినా రాలేకపోయాను, మిల్లులో చేయి ఆడటం లేదు" అని రాశావు. అది చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. దానికి జవాబు రాస్తాను. ముందు ఈ హాస్టల్ పిల్లల సంగతి చెప్పనీ. అది చెబితే గాని నాకు ధైర్యం రాదు.

ఝరాసంగం దిక్కు మళ్లీ గత్తర, అదే కలరా, వచ్చిందని విన్నావట, నిజమే. చిన్న తరగతుల పిల్లలను ఇళ్లకు పంపేశారు. పరీక్షలున్న పదో తరగతి ఆడపిల్లలు పదకొండు మంది మిగిలారు. వాళ్ల భయం చూడలేకపోయాను. గత్తర అనే మాట ఎత్తరు, "అది" అంటారు. కడిగిన పళ్లాన్నే మళ్లీ కడుగుతారు. పొద్దున తెరిచిన పేజీ సాయంత్రానికీ అదే. ఒక పిల్ల పెరట్లోకి పోతే మిగతావాళ్లు అది ఎన్నోసారో లెక్కపెట్టేవాళ్లు.

నేను ఊరుకోక, "నీళ్లు తక్కువ తాగున్రి బిడ్డా, కడుపు కట్టుకుంటది" అన్నాను. మా అత్త నాకు చెప్పిన మాటే అది. పిల్లలు నన్ను నమ్మారు. మూడో రోజు యాదమ్మ అనే పిల్ల చదువుతూ చదువుతూ పుస్తకం మీదనే పడిపోయింది. "అది వచ్చింది" అని అందరూ ఏడుస్తూ పెట్టెలు సర్దుకున్నారు. పరీక్షలకు ఇంకా వారమే ఉంది.

వార్డెన్ సావిత్రమ్మ దవాఖాన నుంచి నర్సమ్మను పిలిపించింది. ఆమె యాదమ్మ నాలుక చూసి మండిపడింది.

"గత్తర లేదు, ఏం లేదు. ఈ పిల్ల నీళ్లు తాగక పడ్డది. తాగొద్దని ఎవరు చెప్పిన్రు మీకు?"

నేను తలుపు చాటున నిలబడ్డాను. పదకొండు మందిలో ఒక్కరూ నా దిక్కు చూడలేదు. న్యాల్‌కల్ పిల్ల హనుమమ్మ లేచి, "మేమే అనుకున్నం సిస్టర్" అంది.

"గత్తర అయినా నీళ్లే పొయ్యాలె. కాచిన నీళ్లల్ల జర ఉప్పు, చక్కెర ఏసి గుక్క గుక్క తాపాలె. లేకుంటే ఒంట్ల నీళ్లు పోయి మనిషి పోతది" అంది నర్సమ్మ.

ఆ మాట విన్నాక నేను వంటింట్లోకి పోయి నీళ్లు కాచడానికి పొయ్యి ముట్టించాను కొడుకా.

ఆ తర్వాత హనుమమ్మ చేసింది చూస్తే పెద్దవాళ్లు సిగ్గుపడాలి. గంటకోసారి బడిగంట కొట్టాలని సావిత్రమ్మను ఒప్పించింది. గంట కొట్టగానే అందరూ వరుసగా కూర్చుని కాచిన నీళ్లు తాగాలి, ఆ వెంటనే గట్టిగా చదవాలి. మొదటి చెంబు తనే ఎత్తింది. దానికి భయం లేక కాదు. అందరితో పాటు తనూ పెట్టె సర్దుకుంది. చెంబు ఖాళీ చేసి, "ఏందే యాదీ, లెక్కల పుస్తకం మీద పడ్డవు గదా, గిప్పుడన్న లెక్కలు తలకెక్కినయా?" అంది.

"ఎక్కినయి, నీ మాటలే ఎక్కుతలేవు" అంది యాదమ్మ. ఎన్ని రోజులకో ఆ గదిలో నవ్వు వినబడింది. ఒక్క పిల్ల కూడా ఇంటికి పోలేదు. పదకొండు మందీ పరీక్షలు రాశారు. నిన్ననే ఆఖరిది అయిపోయింది.

"నా పేరెందుకు చెప్పలేదు బిడ్డా?" అని హనుమమ్మను అడిగాను.

"నీకు ఎర్కలేక చెప్పినవమ్మా. మేం ఏడిస్తే నువ్వే గదా పక్కన కూసున్నది" అంది.

రామ్‌కిషన్, ఇక రాస్తాను. బీరమ్మది నేను అప్పుడు రాసినట్టు జ్వరం కాదు, గత్తర. నిన్ను పిలిచిందని రాసింది అబద్ధం. నా బిడ్డ అడిగింది నీళ్లు. "అమ్మా, ఒక్క గుక్క" అని పొద్దంతా అడిగింది. తాగితే రోగం పెరుగుతుందని నేను కడవను బయట పెట్టి, తడిగుడ్డతో పెదవులు తుడిచాను. పొద్దు వాలకముందే పోయింది. గత్తరని ఊరికి చెప్పడానికి భయపడ్డాను, నీకు చెప్పడానికి అంతకన్నా భయపడ్డాను. ఆ అబద్ధాన్ని నువ్వు మోస్తావని తోచలేదు. నీ తప్పు ఏమీ లేదు. చెల్లె నిన్ను పిలవనే లేదు, పిలిస్తే నువ్వు రాలేదన్న మాటే లేదు.

పిల్లలు పెద్ద మనసుతో నన్ను కాచారు. నువ్వు అట్లా చేయకు. తెలియక చేశావులే అని రాయకు. కోపం వస్తే కోపమే రాయి, చదువుకుంటాను. ఉత్తరం మాత్రం మానకు.

ఇట్లు,
నిన్నూ బీరమ్మనూ కన్న
మీ అమ్మ నారమ్మ